గల్లీ గొంతు, గజల్ సాధన

గాయకుడు రాహుల్ సిప్లిగంజ్ 1989 ఆగస్టు 22న హైదరాబాద్‌లో పుట్టారు. పెరిగింది పాతబస్తీలో. తండ్రికి క్షౌరశాల ఉండేది. రాహుల్ కూడా అక్కడ పనిలో చేయందించేవారు. మరోవైపు గజల్ గాయకుడు పండిట్ విఠల్‌రావు దగ్గర ఏడేళ్లు సంగీతం నేర్చుకున్నారు.

గజల్‌లో మాటదే పెద్దపీట. అక్షరం నలగకూడదు. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో వినేవారికి తెలియకూడదు. స్వరాన్ని నిలిపిన చోట గొంతు వణకకూడదు. డప్పుల హోరులో పాడేవారికి ఇంత సాధన ఎందుకని కొందరికి అనిపిస్తుంది. నిజానికి ఇది ఎక్కువగా పనికొచ్చేది అక్కడే. దరువు జోరందుకుంటే ముందుగా చెదిరేది మాటే. మాట చెదిరితే పాట ఉత్త శబ్దమవుతుంది.

రాహుల్‌కు గజల్ తర్వాత రెండో బడి హైదరాబాద్ వీధి. ఈ నగరపు దరువుకు చాలా చోట్ల మూలాలున్నాయి. ఊళ్ల నుంచి డప్పు వచ్చింది. నిజాం కొలువులో సైనికులుగా చేరిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు మర్ఫా వాయిద్యం తెచ్చారు. ఆఫ్రికన్ అశ్విక దళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) పేరే నేటి ఏసీ గార్డ్స్ బస్తీకి నిలిచింది. మర్ఫాలోని తీన్మార్ దరువు మతాల హద్దులు దాటి అందరి పెళ్లిళ్లకూ పండుగలకూ పాకింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ గణపతులు సరూర్‌నగర్ చెరువుకు కదిలినా, పెద్ద అంబర్‌పేట్ ఫంక్షన్ హాలు ముందు బరాత్ ఆగినా, జనం కాళ్లు కదిపేది ఈ దెబ్బకే.

సినిమాల్లో రాహుల్ తొలి అడుగు 2009లో వచ్చిన ‘జోష్’. 2012లో ‘ఈగ’లో గొంతు కలిపారు. అవకాశాల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా సొంతంగా పాటలు కట్టి, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ‘మగజాతి’, ‘మంగమ్మ’, ‘గల్లీ కా గణేష్’ అలా వచ్చినవే. తెలుగు సినిమా చాలాకాలం నవ్వించే పాత్రలకో ప్రతినాయకులకో వదిలేసిన హైదరాబాదీ యాసను ఆయన దాచుకోలేదు, దిద్దుకోలేదు. దాన్నే తన పాటకు బలం చేసుకున్నారు. ఆయన చేసిన పనుల్లో ఎక్కువ గౌరవించదగినది ఇదే.

2018లో ‘రంగస్థలం’లోని ‘రంగా రంగా రంగస్థలాన’, 2019లో ‘ఇస్మార్ట్ శంకర్’లోని బోనాల పాట ఆయన్ను ఊరూరికీ చేర్చాయి. బోనాల పాటలో మోహన భోగరాజు ఆయనతో కలిసి పాడారు. అదే ఏడాది బిగ్‌బాస్ తెలుగు మూడో సీజన్‌లో విజేతగా నిలిచారు.

‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటకు చంద్రబోస్ సాహిత్యం, కీరవాణి సంగీతం అందించారు. రాహుల్‌తో పాటు కాలభైరవ గొంతు కలిపారు. పరుగులాంటి ఆ నడకలో పదాలు ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి, ఊపిరికి సందు దొరకదు. ఇద్దరు గాయకులూ వంతులు పంచుకుంటూ, ఒకరి వేగం మరొకరికి అందిస్తూ పాడాలి. పాట మొత్తం పల్లె పనులు, పల్లె తిండి, పల్లె ఆటలే. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ అందుకుంది. ఆ రాత్రి లాస్ ఏంజెలిస్ వేదికపై ఇద్దరూ ఆ పాటను తెలుగులోనే పాడారు.

ఇలాంటి ప్రయాణం నైజీరియాలోనూ జరిగింది. లాగోస్ బస్తీ సురులేరెలో పెరిగిన గాయకుడు విజ్‌కిడ్, పోర్ట్ హార్కోర్ట్‌లో పుట్టిన గాయకుడు బర్నా బాయ్ యోరుబా భాషను, వీధుల్లో వినిపించే పిడ్జిన్‌ను వదలకుండానే ఆఫ్రోబీట్స్‌ను ప్రపంచ వేదికలకు చేర్చారు. బర్నా బాయ్ ఆల్బమ్ ‘ట్వైస్ యాజ్ టాల్’కు 2021లో గ్రామీ దక్కింది. అక్కడా ఇక్కడా పాట దూరదేశాలకు వెళ్లింది సొంత నుడికారంతోనే, సొంత దరువుతోనే.

2025 బోనాల వేళ తెలంగాణ ప్రభుత్వం రాహుల్‌కు కోటి రూపాయల నగదు పురస్కారం ప్రకటించింది. ఒక గాయకుడికి దక్కిన ఈ మన్నన మర్ఫా, డప్పు కళాకారులకూ అందాలి. వారి వాయిద్యాన్ని బడిలో నేర్పాలి, వారి దరువులను రికార్డు చేసి భద్రపరచాలి. గజల్‌కు గురువు దొరికినట్టే తీన్మార్‌కూ గురువు దొరికితే, రేపటి గాయకులకు రెండు బళ్లూ అందుబాటులో ఉంటాయి.