హాస్య భయానకాల మేళవింపు: ‘జాంబీ రెడ్డి’లో కర్నూలు సీమ

కీలకపదాలు: హాస్యం, భయానకం, రసవిరోధం, ఆశ్రయభేదం, ముఠాకక్షల చిత్రాలు, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘ఆనందో బ్రహ్మ’ (2017) వంటి చిత్రాలతో భయాన్నీ నవ్వునూ కలిపి చెప్పే ధోరణి తెలుగు సినిమాలో స్థిరపడింది. వాటిలో భయానికి నెలవు ప్రధానంగా ఒక ఇల్లు. ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ ఆ నెలవును కర్నూలు ప్రాంతంలోని రుద్రవరానికి మార్చింది. ఇంటి స్థానంలోకి ఊరు వచ్చినప్పుడు నవ్వు ఎవరిపై పడుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రసవిరోధం - పరిహారం

హాస్య భయానకాలు పరస్పర విరోధులని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు పేర్కొన్నాడు. ఆశ్రయాలు వేరైతే విరోధం తొలగుతుందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో మార్గం చూపాడు. పాత్రలకు చెప్పిన ఈ సూత్రాన్ని ప్రేక్షకునిదాకా విస్తరిస్తే, భయం పాత్రదీ నవ్వు ప్రేక్షకునిదీ అవుతాయి. రాజమౌళి ‘మర్యాద రామన్న’ (2010) ఇందుకు చక్కని ఉదాహరణ. గడప లోపల రక్తం చిందరాదన్న నియమం రామును శత్రువుల ఇంట కాపాడుతుంది. అతని వణుకే మనకు నవ్వు. ఆ నవ్వుకు మూలం సీమ ఆతిథ్యధర్మం.

3. కాటు - పగ

‘జాంబీ రెడ్డి’లో హైదరాబాదు యువకుడు మారియో మిత్రుని పెళ్లికి రుద్రవరం వస్తాడు. పెళ్లివారిది ముఠాకక్షలున్న ఇల్లు. అంటే జాంబీలు రాకముందే భయానికి ఆలంబనం సిద్ధంగా ఉంది. ‘సమరసింహా రెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు దానిని ముందే సమకూర్చిపెట్టాయి. కాటు పడినవాడు తానూ కాటేస్తాడు; పగ స్వభావమూ అదే. ఈ సామ్యం చిత్రానికి దొరికిన గొప్ప అవకాశం. అయితే జాంబీపై పడే దెబ్బకు ప్రేక్షకునిలో జాలి పుట్టదు. అందువల్ల పగను ప్రశ్నించవలసిన చోట హింస నిస్సంకోచమైన వినోదంగా మారింది. కడప జిల్లా రచయిత కేతు విశ్వనాథరెడ్డి కథల్లో కక్షల వెనుక ఊరి రాజకీయం, కరవు కనిపిస్తాయి. ఇక్కడ ఆ కారణాలకు చోటు దక్కలేదు.

4. ముగింపు

ఆశ్రయభేదం నిలవాలంటే నవ్వేవాడు భయానికి వెలుపల ఉండాలి. కర్నూలు, కడప ప్రేక్షకునికి ఆ వెసులుబాటు లేదు. తెరపై భయపెట్టేది అతని ఊరే, అతని యాసే, నవ్వవలసిందీ అతడే. విశ్వనాథుడు చెప్పిన విరోధం ఈ ప్రేక్షకుని విషయంలో పరిహారం కాకుండానే మిగిలిపోయింది. వానలేని ఏడు, ఎండిన బోరు, వలస సీమవాసికి తెలిసిన అసలు భయాలు. వాటి నడుమనుంచి నవ్వును పుట్టించే చిత్రం వచ్చినప్పుడే ఈ మేళవింపు సీమకు సొంతమవుతుంది.