బురద వాసన చెప్పే పాఠం

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠమైతే వచ్చింది. వాతావరణ మార్పుకు ఐదు కారణాలు, ఐదు ఫలితాలు తొమ్మిదో తరగతి పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. బడి వెనక చెట్టు పేరడిగితే మాత్రం చాలామంది తడబడతారు. లోపం పాఠంలో కన్నా దాని వరుసలో ఉంది. భూగోళం దగ్గర మొదలుపెట్టి ఊరికి రావాలని చూస్తున్నాం. ఊళ్లో మొదలుపెట్టి భూగోళం దాకా వెళ్లాలి.

కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవినే తీసుకోండి. 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. ఈ అంకెలు పుస్తకంలోనూ దొరుకుతాయి. దొరకనిది తెల్లమడ ఆకు మీది ఉప్పు రుచి. ఆ చెట్టు పీల్చిన ఉప్పును ఆకుల గుండా బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్న అనే మరో మడ చెట్టు ఆ ఉప్పును చాలావరకు వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. కష్టం ఒకటే, ఉపాయాలు రెండు. జీవవైవిధ్యమంటే జాతుల లెక్క మాత్రమే కాదని, బతికే ఉపాయాల నిల్వ అని పిల్లలకు అక్కడే తడుతుంది. ఇక కుళ్లిన గుడ్డు కంపుకొట్టే ఆ నల్లబురద! ముక్కు మూసుకున్న పిల్లల్ని అక్కడే ఆపి, కంపు ఎందుకని అడగాలి. నీరు నిలిచిన బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, ఆ కంపు అందుకే. రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు తొందరగా కుళ్లవు. వాటిలోని కర్బనం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. మడను నరికి రొయ్యల చెరువు తవ్వితే బురదకు గాలి తగిలి ఆ కర్బనం బయటపడుతుంది. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, ఊరి బతుకుతెరువు ఒకేచోట కలిసిన పాఠమిది. పరీక్షలకు టైము చాలదనేవాళ్లకు ఇదే జవాబు: ఇది సిలబస్‌ బయటిది కాదు, సిలబసే.

అన్ని బళ్ల పక్కనా మడ అడవి ఉండదు, నిజమే. ఆవరణలో వేపచెట్టున్నా చాలు. అయితే ఒక చెట్టును చూస్తే వాతావరణ మార్పు రుజువైనట్టేనా? కాదు. ఆ ‘కాదు’లోనే అసలు పాఠముంది. ఇవాళ్టి వాననూ, ముప్పై ఏళ్ల సగటునూ తెలుగులో ‘వాతావరణం’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టేస్తాం. వేప పూసిన తేదీని ఏటా ఒకే పుస్తకంలో రాసి, పదో తరగతి వాళ్లు వెళ్లేటప్పుడు తర్వాతి వాళ్లకు అప్పగిస్తే ఆ రెంటి తేడా చేతికందుతుంది. ఒక్క మండుటెండను చూసి ప్రళయమనీ, ఒక్క మంచి వానను చూసి అంతా అబద్ధమనీ అనేవాళ్లను ‘ఎన్నేళ్ల లెక్క?’ అని ఆ పిల్లలు అడగగలుగుతారు.