పుట్టని హీరో కోసం ఒక నోట్‌బుక్

మా తరగతిలో ఒక నోట్‌బుక్ ఉంది. అట్ట మీద 'సైన్స్ రఫ్' అని రాసి ఉంటుంది గానీ లోపల సైన్సు ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నవన్నీ 'కల్కి 2898 ఏడీ' సినిమా రెండో భాగం గురించి మేము కట్టిన ఊహలు. వాటికి మేము పెట్టుకున్న పేరు థియరీలు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాం. ఇప్పుడు ఎస్సెల్సీకి వచ్చాం. నోట్‌బుక్ కూడా మాతోపాటే పాసై పైతరగతికి వచ్చింది. ఇప్పటికి మొత్తం 23 థియరీలు. ఈ వ్యాసం ఆ సినిమా గురించి, ఆ థియరీల గురించి, వాటిలో మేమందరం కలిసి చేసిన ఒక తప్పు గురించి.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెబుతాను. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ తీసిన ఈ సినిమా 2024 జూన్ 27న విడుదలైంది. కథ కురుక్షేత్రంలో మొదలవుతుంది. అక్కడినుంచి ఒక్క దూకు దూకి 2898వ సంవత్సరంలో పడుతుంది. అప్పటికి భూమి ఎండిపోయి ఉంటుంది. గంగలో నీళ్ళుండవు. మిగిలిన నగరం కాశీ ఒక్కటే. దాని పైన ఆకాశంలో, తలకిందులుగా పెట్టిన పిరమిడ్ లాగా 'కాంప్లెక్స్' ఉంటుంది. కింద లేని నీళ్ళు, చెట్లు, మంచి తిండి అన్నీ పైన ఉంటాయి. లోపలికి పోవాలంటే 10 లక్షల యూనిట్లు సంపాదించాలి. ప్రభాస్ వేసిన భైరవ పాత్రకు ఉన్న ఒకే ఒక్క కోరిక అదే.

ఈ కాంప్లెక్స్ సంగతి దేవనహళ్ళి పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఊరి పక్కన విమానాశ్రయం 2008లో మొదలైంది, అంటే మేము పుట్టకముందే. మేము పాఠాలు వింటుంటే పైన విమానాలు పోతూనే ఉంటాయి. మా అమ్మ అక్కడ శుభ్రం చేసే పనికి పోతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సు. ఆరేళ్ళుగా రోజూ లోపలికి పోయి వస్తోంది గానీ ఇంతవరకు విమానం ఎక్కలేదు. భైరవ తలెత్తి కాంప్లెక్స్ వైపు చూసే చూపు మాకు కొత్త కాదు.

ఇక హీరో సంగతి. సినిమా పేరు కల్కి. దాదాపు మూడు గంటలు చూసినా కల్కి మాత్రం కనిపించడు. అతను ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. ఆ తల్లి సుమతి, దీపికా పదుకోన్ వేసిన పాత్ర. ఆమెను కాపాడటానికి అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ వస్తాడు. చివరకు భైరవే కర్ణుడని తెలుస్తుంది. కమల్ హాసన్ వేసిన సుప్రీమ్ యాస్కిన్ గాండీవాన్ని ఎత్తుతాడు. అక్కడితో సినిమా అయిపోతుంది. హీరో పుట్టనే లేదు! మరి ఊహించకుండా ఎట్లా ఉంటాం?

మా నోట్‌బుక్‌లో మొదటి థియరీ, కల్కి కూడా ప్రభాసే అని. మా తరగతిలో ప్రభాస్ అభిమానులు ఎక్కువ కాబట్టి దీనికి ఓట్లు కూడా ఎక్కువే. కానీ ఆధారం వెతికితే సినిమా దీనికి ఎదురుగానే ఉంది. ప్రభాస్‌కు కర్ణుడనే పెద్ద పాత్రను ఇచ్చేశారు. కర్ణుడి కథ చిన్న కథ కాదు కదా. ఈ థియరీలో ఉన్నది ఆధారం కాదు, ఆశ.

ఏడో థియరీ కృష్ణుడి ముఖం గురించి. సినిమాలో కృష్ణుడు మాట్లాడతాడు గానీ ముఖం నీడలోనే ఉంటుంది. ఆ ముఖం మహేశ్ బాబుదని సగం తరగతి, నానిదని మిగిలిన సగం. నిజానికి ఆ పాత్ర వేసింది తమిళ నటుడు కృష్ణకుమార్, గొంతు అర్జున్ దాస్‌ది. రెండో భాగంలో ఎవరైనా పెద్ద హీరో రావచ్చు, రాకపోవచ్చు. నాకు మాత్రం ఆ నీడ అలాగే ఉంటే బాగుండు అనిపిస్తుంది. మా తాతను అడిగితే "కృష్ణుడంటే రామారావే" అన్నాడు. ఆ నీడలో తాత రామారావునే చూసుకున్నాడు. అందులో మహేశ్ బాబును చూసినవాళ్ళు చూశారు. ముఖం చూపిస్తే ఆ సౌకర్యం పోతుంది.

పదకొండో థియరీ నాది. కల్కి ఆడపిల్ల అని రాశాను. నా ఆధారం ఏమిటంటే, సినిమాలో రాయా అనే పాప మగపిల్లవాడి వేషంలో తిరుగుతుంది. అది దర్శకుడు ముందుగా ఇచ్చిన సైగ అని నా వాదన. మగపిల్లలు పడి పడి నవ్వారు. "పురాణంలో కల్కి మగవాడు కదా" అన్నాడు పక్క బెంచీ వాడు. "పురాణంలో కాంప్లెక్స్ ఉందా?" అన్నాను. గొడవ పెద్దదై వారం రోజులు మాట్లాడుకోలేదు. ఇప్పుడు తీరిగ్గా చూస్తే నా ఆధారం కూడా సన్నదే. రాయా తనను కాపాడుకోవడానికి వేషం వేసుకుంది. దానికీ కల్కికీ ముడి నేను వేసిందే.

మా మామయ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా నోట్‌బుక్ చూసి నవ్వి, ఇంగ్లీషు సినిమా కథ ఒకటి చెప్పాడు. 2015లో 'స్టార్ వార్స్: ద ఫోర్స్ అవేకెన్స్' అనే అంతరిక్ష సినిమా రాబోతున్నప్పుడు అక్టోబరులో పోస్టరు వేశారు. పాత సినిమాల హీరో ల్యూక్ స్కైవాకర్ అందులో లేడు. ఇక ప్రపంచమంతా ఊహలే. ల్యూక్ చెడ్డవాడిగా మారాడన్నారు. ముసుగు వేసుకున్న కొత్త విలన్ కైలో రెన్ అతనే అన్నారు. డిసెంబరులో సినిమా వచ్చింది. చూస్తే విలన్ వేరే, ల్యూక్ స్నేహితుడి కొడుకు. ల్యూక్ ఒక ద్వీపంలో ఒంటరిగా ఉన్నాడు. సినిమా చివర్లో కనిపిస్తాడు, ఒక్క మాట కూడా మాట్లాడడు. అందరూ 'అతను ఎవరుగా మారాడు' అని అడిగారు. సినిమా అసలు ప్రశ్న 'అతను ఎందుకు వెళ్ళిపోయాడు' అన్నది.

మనకూ ఇలాంటిది జరిగింది కదా. 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలైలో, రెండో భాగం 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆ మధ్యకాలమంతా కట్టప్ప ఎందుకు చంపాడని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారట. తీరా చూస్తే శివగామి ఆజ్ఞ. కట్టప్ప సింహాసనానికి బానిస అని మొదటి భాగంలోనే చెప్పారు. జవాబు మన కళ్ళ ముందే ఉంది, మనం దాన్ని దాటి దూరంగా వెతికాం.

మరి ఊహించడం తప్పా? తప్పు కాదు అనిపించింది నాకు. దానికి కారణం తాత చెప్పిన విరాట పర్వం. తిక్కన తెలుగు భారతం మొదలుపెట్టింది ఆ పర్వంతోనే. పాండవులు అజ్ఞాతవాసంలో ఉన్నారు. అంటే అక్కడ కూడా హీరోలు కనిపించడం లేదు! దుర్యోధనుడి వేగులు దేశమంతా వెతికి, ఎక్కడా లేరు, చచ్చిపోయి ఉంటారు అని చెబుతారు. భీష్ముడు అలా అనడు. ధర్మరాజు ఉన్న చోట ప్రజలు ధర్మంగా ఉంటారు, వానలు వేళకు పడతాయి, పాడి బాగా ఉంటుంది, అలాంటి దేశం ఎక్కడుందో చూడండి అంటాడు. వేగులు మనిషిని వెతికారు. భీష్ముడు ఆ మనిషి గుణాన్ని వెతకమన్నాడు. మంచి థియరీ అంటే అదీ. దానికి సినిమా నటుల పేర్ల జాబితా అక్కర్లేదు, కథను బాగా చదివి ఉండాలి.

ఆ తర్వాత ఒక ఆదివారం ఇంట్లో టీవీలో ఆ సినిమా మళ్ళీ చూశాను. అమ్మకు ఆ రోజు సెలవు. చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది. నేను పక్కన నోట్‌బుక్ పెట్టుకుని గుర్తులు రాసుకుంటున్నాను.

"ఏం రాసుకుంటా ఉండావు ఇంతగా?" అంది.

"హీరో ఎవరా అని, అమ్మా."

"ఆ కడుపుతో ఉండే పిల్ల గురించి ఏం రాసినారు?"

"ఆమె గురించి ఏముంది రాయడానికి? ఆమె కల్కి తల్లి."

"ఊరు ఊరంతా ఆ బిడ్డ ఎవరు, ఆ బిడ్డ ఎవరు అంటా ఉండారే గానీ, ఆ పిల్లకు ఎట్లుంది అని ఎవరన్నా అడిగినారా?"

"శంబలలో శోభన, వాళ్ళంతా బాగానే చూసుకుంటారు కదమ్మా."

"సినిమాలో వాళ్ళు సరే. నేను అడిగేది మిమ్మల్ని."

నేను పేజీలు తిప్పాను. 23 థియరీలు. ప్రభాస్ పేరు లెక్కపెట్టలేనన్ని సార్లు ఉంది. మహేశ్ బాబు ఉన్నాడు, నాని ఉన్నాడు, బుజ్జి కారు మీద కూడా రెండు థియరీలు ఉన్నాయి. సుమతి పేరు ఒక్క చోట కూడా లేదు. కల్కి ఆడపిల్ల కావాలని వారం రోజులు కొట్లాడిన నేను, కళ్ళ ముందున్న ఆడమనిషిని చూడలేదు.

అప్పుడు సినిమాను మొదటినుంచి భీష్ముడు చెప్పిన పద్ధతిలో చూశాను. అశ్వత్థామకు శాపం ఎందుకు వచ్చింది? ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద బ్రహ్మాస్త్రం వేసినందుకు. మళ్ళీ అతను ఎవరికి కాపలా కాస్తున్నాడు? ఇంకొక గర్భిణికి. సినిమా ఒక తల్లి కడుపు దగ్గర మొదలై, ఇంకొక తల్లి కడుపు దగ్గర ఆగింది. కాంప్లెక్స్‌లో ఆడవాళ్ళకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. సుమతి మొదట ఎస్‌యూఎం-80. వాళ్ళ కడుపులోంచి తీసిన ద్రవంతో యాస్కిన్ బతుకుతాడు, వాళ్ళు చచ్చిపోతారు. సుమతి మాత్రం గర్భాన్ని దాచుకుని, తప్పించుకుని, నంబరు నుంచి పేరు దాకా వచ్చింది. ఇంత కథ నడిచింది ఆమె మీద. కల్కి పురాణంలో కూడా కల్కి తల్లి పేరు సుమతే.

ఇక్కడ సినిమాను కూడా కొంచెం అడగాలి. ఇంత బరువు మోసే పాత్రకు మాటలు చాలా తక్కువ ఇచ్చారు. ఆమె భయపడుతుంది, పరుగెత్తుతుంది, నిప్పుల్లో నడుస్తుంది. ఏమనుకుంటోందో మనకు పెద్దగా తెలియదు. రాజమౌళి, రామ్‌గోపాల్ వర్మ లాంటి వాళ్ళు సరదాగా వచ్చిపోయే సన్నివేశాలకు దొరికిన సమయంలో కొంత ఆమెకు ఇచ్చి ఉంటే బాగుండేది. అశ్వత్థామ పోరాటాలు, కాశీ వీధులు, ఎండిపోయిన గంగ నాకు చాలా నచ్చాయి. ఆ లోటు మాత్రం లోటే. మేము ఆమెను మరిచిపోవడంలో సినిమా భాగం కూడా కొంచెం ఉంది.

కనిపించని హీరోతో కథ నడపడం మనవాళ్ళకు కొత్త కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. తాత చెప్పేదాకా నేను అది గమనించనే లేదు. ఎందుకంటే శశిరేఖ, అభిమన్యుడు, ఘటోత్కచుడు, కృష్ణుడు మన చూపును పక్కకు పోనివ్వరు. లేనివాళ్ళు గుర్తుకు రాకుండా ఉన్నవాళ్ళను నిలబెట్టింది ఆ సినిమా.

2025 సెప్టెంబరు 18న రెండో భాగంలో దీపికా పదుకోన్ ఉండరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. మరునాడు తరగతిలో నోట్‌బుక్ మళ్ళీ బయటికి వచ్చింది. ఆమె బదులు ఎవరు అని వరసగా హీరోయిన్ల పేర్లు. నేను లేచి, "ఎవరు వేస్తారు అని కాదు, సుమతి ఏం చేస్తుంది అని రాద్దాం" అన్నాను. పక్క బెంచీ వాడు, అదే నాతో వారం మాట్లాడనివాడు, కాసేపు ఆలోచించి "నువ్వే చెప్పు, రాస్తా" అన్నాడు.

24వ థియరీ అట్లా మా ఇద్దరిదీ అయింది. అందులో ఇలా ఉంది. "కల్కి ఎట్లాంటివాడు అవుతాడో సుమతి పెంపకాన్ని బట్టి ఉంటుంది. అందరూ ఆమెను కాపాడుతున్నారు. రెండో భాగంలో ఆమె తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఆధారం: ఉత్తర, నంబరు, పేరు."

ఇది తప్పు కావచ్చు. రెండో భాగం ఇంకా రాలేదు. వచ్చిన రోజున సరిచూసి, తప్పయితే ఎర్ర సిరాతో కొట్టేస్తాం. ఈసారి మొదటి ఆట ఏ రోజు పడినా, నేను అమ్మకు సెలవు ఉన్న ఆదివారం దాకా ఆగుతాను. ఆధారాలు నాకంటే ముందు చూసింది ఆమే కదా.