ఖాళీ చేయడానికీ ఖాళీ కావాలి

పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తుంటే తెరమీద గీత చకచకా చివరిదాకా పాకేస్తుంది. అయిపోయిందని తీయబోతే, ఇంకా రాస్తున్నాను, ఆగమంటుంది కంప్యూటర్. ప్రోగ్రాము ఇచ్చిన డేటాను ఆపరేటింగ్ సిస్టమ్ ముందు మెమరీలోకి దించుకుని, అందిందని చెప్పి పంపేస్తుంది. డిస్కుకు చేర్చే పని ఆ తర్వాత వెనకాల సాగుతుంది. మెమరీలో మారి, డిస్కులో ఇంకా మారని పేజీని (మెమరీ ముక్కను) డర్టీ పేజీ అంటారు. దాన్ని డిస్కుకు చేర్చడమే రైట్‌బ్యాక్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ మామూలు అమరికలో, వాడుకోదగ్గ మెమరీలో ఇలాంటి పేజీలు 10 శాతం దాటితే వెనకాల రాయడం మొదలవుతుంది. 20 శాతానికి చేరేలోపే, రాస్తున్న ప్రోగ్రాముకు కళ్లెం పడుతుంది.

ఈ కళ్లెం అసలు విలువ మెమరీ నిండుకున్నప్పుడు తెలుస్తుంది. శుభ్రంగా ఉన్న ఫైలు పేజీని అవసరమైతే అక్కడికక్కడే వదిలేయొచ్చు, డిస్కులో దాని నకలు ఉంది. డర్టీ పేజీని అలా వదిలేస్తే డేటా పోతుంది, రాసి తీరాలి. రాయాలంటే ఫైల్‌సిస్టమ్ డిస్కులో చోటు వెతకాలి, మార్పుల చిట్టా అయిన జర్నల్‌లో నమోదు చేయాలి. దాని కింద ఉండే బ్లాక్ లేయర్ డిస్కుకు పంపే అభ్యర్థనను తయారుచేయాలి. ఈ పనుల్లో దేనికైనా కాస్త మెమరీ అడగాల్సి రావచ్చు. మెమరీ లేకనే కదా రాయడానికి బయల్దేరింది! రాత పూర్తయితే మెమరీ దొరుకుతుంది, మెమరీ దొరికితే రాత పూర్తవుతుంది. రెండూ ఒకదాని కోసం ఒకటి కూర్చుంటే యంత్రం బిగుసుకుపోతుంది. అదే డెడ్‌లాక్.

కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని 1971లో రాసిన వ్యాసం దీనికి నాలుగు షరతులు చెప్పింది: వనరు ఒక్కరి చేతిలోనే ఉండటం, చేతిలోది వదలకుండా మరోదానికి ఎదురుచూడటం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఎదురుచూపులు వలయంగా చుట్టుకోవడం. ఒక్కటి తెగినా ముడి పడదు. ఎవరికి గరిష్ఠంగా ఎంత కావాలో ముందే తెలిస్తే డైక్‌స్ట్రా చూపిన బ్యాంకర్ పద్ధతి పనికొస్తుంది. కెర్నల్‌కు ఆ జాతకం ఎవరూ ముందుగా చెప్పరు. అందుకే ఇక్కడి ఇంజినీర్లు ఎక్కువగా వలయం మీదే దెబ్బ వేశారు. కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు, వాటిని తరం తర్వాత తరం కాపాడుకుంటూ వస్తున్నారు. అందుకే దీన్ని నేను సంప్రదాయం అంటాను.

ఆ కట్టుబాట్లలో మొదటిది, మెమరీ అడిగేవాడు తన పరిస్థితి కూడా చెప్పి అడగాలి. జీఎఫ్‌పీ కెర్నల్ అనే గుర్తుతో అడిగితే, ఏం చేసైనా సంపాదించి పెట్టమని అర్థం. జీఎఫ్‌పీ నోఎఫ్‌ఎస్ అంటే ఖాళీ చేసే పనిలో ఫైల్‌సిస్టమ్ జోలికి వెళ్లవద్దని. జీఎఫ్‌పీ నోఐఓ అంటే అసలు డిస్కు పనే కొత్తగా మొదలుపెట్టవద్దని. ఒక ఫైల్‌సిస్టమ్ జర్నల్ లావాదేవీ తెరిచి ఉంచి మెమరీ అడిగిందనుకుందాం. ఖాళీ చేసే యంత్రాంగం తిరిగి అదే ఫైల్‌సిస్టమ్‌లోకి వెళ్లి అదే జర్నల్ కోసం ఆగితే, అది తన కోసం తానే ఎదురుచూస్తున్నట్టు. పై అంతస్తు కింది అంతస్తు కోసం ఆగొచ్చు, కిందిది పైదాని కోసం ఆగకూడదు. ఈ గుర్తులన్నీ నిలబెట్టేది ఆ నియమాన్నే.

అయితే మెమరీ అడిగే ఫంక్షన్ ఎక్కడో లోతున ఉంటుంది. పైన ఎవరు ఏ లాక్ (ఇతరులను ఆపే తాళం) పట్టుకున్నారో దానికి తెలియదు. ఎందుకైనా మంచిదని నోఎఫ్‌ఎస్ పెట్టేసే అలవాటు పెరిగింది, దాంతో ఖాళీ చేసే యంత్రాంగానికే చేతులు కట్టేసినట్టయింది. ఇంకొన్నిచోట్ల గుర్తు పెట్టినా లోపలికి చేరేది కాదు: వీమాలాక్ అనే ఫంక్షన్ తన పేజీ పట్టికల కోసం లోపల జీఎఫ్‌పీ కెర్నల్‌తోనే అడిగేది. 2017లో లినక్స్ 4.12 దీనికి సరైన మందు వేసింది. ఎవరైతే లాక్ పట్టుకుంటారో, లావాదేవీ తెరుస్తారో, వాళ్లే ‘ఇక్కడి నుంచి అక్కడిదాకా నా తరఫున ఫైల్‌సిస్టమ్‌లోకి వెళ్లవద్దు’ అని ప్రకటిస్తారు. ఆ మధ్యలో వచ్చే ప్రతి మెమరీ అభ్యర్థనకూ అది వర్తిస్తుంది. ప్రమాదం తెలిసినవాడి చేతిలోనే బాధ్యత పెట్టిన మార్పు ఇది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

రెండోది నిల్వ. ఎంత కరువొచ్చినా రైతు విత్తనపు గింజలు దంచుకోడు. కెర్నల్ ఇంజినీర్ ఇంగో మోల్నార్ రాసిన మెమ్‌పూల్ అలాంటి ఏర్పాటు. అవసరమైన వస్తువులు కొన్ని ముందే తీసి పక్కన పెడతారు. మామూలు దారిలో మెమరీ దొరకనప్పుడే వాటిని ముడతారు. అవీ అయిపోతే అడిగినవాడు ఆగుతాడు, కానీ ఆ ఆగడానికి భరోసా ఉంది. బయటికి వెళ్లిన ప్రతి వస్తువూ ఒక డిస్కు పనికి కట్టుబడి ఉంది, ఆ పని ముగియగానే తిరిగి వస్తుంది.

ఈ భరోసాకు ఒక కఠినమైన షరతుంది. బయో అనే డిస్కు అభ్యర్థనను ఒక నిల్వ నుంచి తీసుకున్నవాడు, దాన్ని పనికి పంపకుండా అదే నిల్వను రెండోది అడగకూడదు. నిల్వలో రెండే ఉన్నాయనుకుందాం. ఇద్దరు చెరొకటి చేతిలో పెట్టుకుని రెండోదాని కోసం ఆగితే ఏదీ తిరిగి రాదు. ఒక పరికరం మీద మరో పరికరం పేర్చే రెయిడ్, డివైస్ మ్యాపర్ లాంటివాటిలో ఈ పొరపాటు ఇంకా సులువు. పైపొర ఒక బయో పట్టుకుని ఉండగానే కిందిపొరకు మరోటి కావాలి. అందుకని పొరకొక సొంత నిల్వ ఉంటుంది. కొత్త త్రెడ్ పుట్టించాలన్నా మెమరీ కావాలి కనుక, మెమరీ ఖాళీ చేసే దారిలో ఉన్న వర్క్‌క్యూలకు (వెనకాల చేసే పనుల వరుసలకు) ఒక రెస్క్యూ త్రెడ్‌ను ముందే పుట్టించి ఉంచుతారు. పేజీలు ఖాళీ చేసే కేస్వాప్‌డీకి సాధారణ హద్దు కింద ఉన్న అత్యవసర నిల్వను కూడా తాకే అనుమతి ఉంది. అది తీసుకునేది కొంత, విడిపించేది అంతకంటే ఎక్కువ అన్న నమ్మకంతో ఇచ్చిన అనుమతి అది.

డిస్కు నెట్‌వర్క్ అవతల ఉంటే చిక్కు మరోరకం. రాత చేరిందని అవతలి సర్వర్ జవాబు పంపాలి, ఆ ప్యాకెట్‌ను అందుకోవడానికి మెమరీ కావాలి. అందుకుంటే గానీ అది ఎవరిదో తెలియదు. 2012లో లినక్స్ 3.6లో చేరిన పరిష్కారానికి పునాది పీటర్ జైల్‌స్ట్రా వేస్తే, పూర్తిచేసింది మెల్ గోర్మన్. వచ్చిన ప్యాకెట్‌ను అత్యవసర నిల్వతోనే అందుకుంటారు. ఏ సాకెట్‌దో (ఏ కనెక్షన్‌దో) తేలాక, మెమరీ పేజీలను డిస్కుకు నెట్టే స్వాప్‌కు సంబంధించింది కాకపోతే అక్కడే పారేస్తారు. టీసీపీ అయితే పోయిన ప్యాకెట్‌ను అవతలివాళ్లే మళ్లీ పంపుతారు కనుక నష్టం లేదు.

ఈ కట్టుబాట్లు ఎవరైనా తప్పితే పట్టుకునేదెలా? మెమరీ అడుగంటి, ఇద్దరు సరిగ్గా ఒకే క్షణాన ఎదురుపడినప్పుడే బయటపడే తప్పులివి. 2006లో వచ్చిన లాక్‌డెప్ అనే సాధనం, లాక్‌లు ఏ వరుసలో పట్టుకుంటున్నారో గుర్తుపెట్టుకుని, వలయం పడే వీలుంటే యంత్రం ఆగకముందే చెబుతుంది. మెమరీ ఖాళీ చేయడాన్ని కూడా దానికి ఒక లాక్‌లాగే పరిచయం చేశారు. దాంతో బోలెడంత ఖాళీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ మీద కూడా ఈ తప్పు దొరుకుతుంది.

స్టోరేజీ పనిని కెర్నల్ బయట మామూలు ప్రోగ్రాములతో చేయించడం పెరిగేకొద్దీ ఈ నియమాలు ఆ ప్రోగ్రాముల గుమ్మందాకా వచ్చాయి. డిస్కు రాతలు తన గుండానే వెళ్లే ప్రోగ్రాము తాను మెమరీ అడిగి, ఆ మెమరీ కోసం తన గుండానే వెళ్లాల్సిన రాత కోసం ఆగిపోవచ్చు. 2020లో లినక్స్ 5.6 అలాంటి ప్రోగ్రాము తన సంగతి ముందే కెర్నల్‌కు చెప్పుకునే వీలిచ్చింది. ఐస్కజీ, మల్టీపాత్ అనే స్టోరేజీ సేవలను నడిపే ప్రోగ్రాములు తమ పేజీలు బయటికి పోకుండా మెమరీలోనే బిగించి పెట్టుకుంటాయి. ఆ ప్రకటన, ఈ బిగింపు రెండూ ప్రోగ్రాము రాసేవాళ్లే చేయాలి. వాళ్ల బదులు ఊహించి చేయడం కెర్నల్‌కు చేతకాదు.