మంచు వెలుగులో మనిషి ముఖం: ఎన్.డి. ఫిల్టర్ - ఛాయాగ్రహణ విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు చలనచిత్ర సమీక్షలో మంచు దృశ్యాలను ‘కనువిందు’ అన్న ఒక్క మాటతో దాటవేయడం పరిపాటి. తీక్షణమైన వెలుతురులో ఎన్.డి. ఫిల్టర్ చేయగలిగినదేమిటి, చేయలేనిదేమిటి అన్న వివేచన ఆధారంగా ‘సీతా రామం’, ‘పూర్ణ’ చిత్రాలను పరిశీలించే పద్ధతిని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పద్ధతి వరంగల్ పత్తి మార్కెట్ దృశ్యాలకూ వర్తిస్తుందని చూపుతుంది.

కీలకపదాలు: ఛాయాగ్రహణం, ఎన్.డి. ఫిల్టర్, ఎక్స్‌పోజర్, ఉద్దీపన విభావం, మంచు, పత్తి.

1. ఉపోద్ఘాతం:
తెలుగు నేలకు మంచుకొండలు పరాయివి. అందువల్ల తెలుగు సినిమాలో మంచు ఎక్కువగా పాటలకు నేపథ్యంగా వచ్చింది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అది ఉద్దీపన విభావం. నాయికానాయకులు ఆలంబన విభావాలు. అయితే తెరమీద ఉద్దీపన ఎంత వెలగాలి, ఆలంబన ఎంత కనిపించాలి అన్నది ప్రకృతి నిర్ణయించేది కాదు. ఛాయాగ్రాహకుడు నిర్ణయించేది. విమర్శ గుర్తించవలసింది ఈ నిర్ణయాన్నే.

2. ఫిల్టర్ పనితీరు:
తాజా మంచు తనపై పడిన వెలుతురులో 80 నుంచి 90 శాతం వరకు తిప్పి పంపుతుంది. కెమెరాలోని కాంతిమాపకం మాత్రం ఎదుట ఉన్నది సుమారు 18 శాతం వెలుతురును పరావర్తనం చేసే వస్తువన్న అంచనాతో లెక్కగడుతుంది. ఆ లెక్కను యథాతథంగా పాటిస్తే మంచు బూడిదరంగుకు దిగుతుంది. ఫ్రేమంతా వేయిస్తంభాల గుడి నల్లరాయే నిండినప్పుడు అది కూడా నలుపు వెలిసి బూడిదరంగుకే చేరుతుంది.

వీడియోలో మరో చిక్కు ఉంది. సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ అన్న సంప్రదాయం ప్రకారం ఒక్కో ఫ్రేముకు 1/48 సెకను వెలుతురు అందుతుంది. వెలుతురు ఎక్కువైందని షట్టర్ వేగం పెంచితే కదలికలోని సహజమైన మసక పోతుంది. నడిచే కాళ్లు, రాలే మంచుపలుకులు తునకలు తునకలుగా అదురుతాయి. అపర్చర్‌ను బాగా మూస్తే దగ్గరిదీ దూరానిదీ ఒకే స్పష్టతతో నిలిచి, వ్యక్తికీ నేపథ్యానికీ ఎడం చెరిగిపోతుంది. ఎండలో మెరిసే మంచులో, ఐ.ఎస్.ఓ. 800 వద్ద, 1/48 సెకను వదలకుండా ఎఫ్/2.8 అపర్చర్ కావాలంటే సుమారు 10 స్టాపుల వెలుతురును తగ్గించాలి. అంటే దాదాపు వెయ్యో వంతునే లోనికి పంపే 3.0 సాంద్రత గల ఎన్.డి. ఫిల్టర్ అవసరం.

ఈ ఫిల్టర్‌కు ‘తటస్థం’ అన్న విశేషణం ఊరికే రాలేదు. ఏ రంగు పక్షమూ వహించకుండా అన్నింటినీ ఒకే పాళ్లలో తగ్గించడం దాని ధర్మం. ఆచరణలో ఇది పూర్తిగా నెరవేరదు. పరారుణ కిరణాలను ఆపలేని గాఢమైన ఫిల్టర్ వాడితే నల్లని బట్ట ఎర్రటి గోధుమరంగుకు తిరగవచ్చు.

3. ‘సీతా రామం’ - నేపథ్యపు అర్థం:
హను రాఘవపూడి దర్శకత్వంలో 2022లో వచ్చిన ‘సీతా రామం’కు పి.ఎస్. వినోద్, శ్రేయాస్ కృష్ణ ఛాయాగ్రాహకులు. కశ్మీర్‌లో విధులు నిర్వర్తించే అనాథ సైనికుడు రామ్‌కు సీతామహాలక్ష్మి పేర వచ్చే ఉత్తరాలు కథకు మూలం. ఇటువంటి ఇతివృత్తంలో మంచు ఎంత స్పష్టంగా ఉండాలన్నది అర్థానికి సంబంధించిన ప్రశ్న. దూరపు కొండ గీత గీసినట్లు నిలిస్తే మంచు సరిహద్దును స్ఫురింపజేస్తుంది. అదే కొండ మనిషి వెనుక కరిగిపోతే ఏకాంతాన్ని ధ్వనింపజేస్తుంది. పట్టపగలు ఈ రెండో ధ్వనిని సాధించేందుకు అపర్చర్ తెరవాలి. అందుకు ఫిల్టర్ తోడ్పడుతుంది. ఏ దృశ్యంలో ఏది ఎంచుకున్నారో చూడకుండా ‘కశ్మీర్ అందాలు’ అనడం వర్ణనే అవుతుంది గాని విమర్శ కాదు.

4. ‘పూర్ణ’ - ఫిల్టర్ పరిమితి:
నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. రాహుల్ బోస్ ఆమె జీవితాన్ని 2017లో ‘పూర్ణ’ అన్న హిందీ చిత్రంగా తీశారు. ఆమె తొలి శిక్షణ హైదరాబాదుకూ వరంగల్‌కూ నడుమనున్న భువనగిరి రాతికొండ మీద సాగింది. ఆ రాతి మీద చామనఛాయ ముఖానికీ నేపథ్యానికీ వెలుతురులో అంతరం తక్కువ. మంచు మీద ఆ అంతరం అనేక రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ ఎన్.డి. ఫిల్టర్ నిస్సహాయం. అది మంచునూ ముఖాన్నీ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది. రెండింటి నిష్పత్తిని మార్చదు. మంచు వివరాలు దక్కేలా ఎక్స్‌పోజర్ పెడితే బాలిక ముఖం నీడవుతుంది. ముఖానికి పెడితే మంచు వెల్లబోతుంది. పొద్దు వాలే వేళను ఎంచుకోవడం, కెమెరా కోణం మార్చడం, మంచు నుంచి పైకి ఎగసే వెలుతురును ముఖానికి పట్టించడం వంటి మార్గాలున్నాయి. ఇవన్నీ మనిషి ఎంపికలు. ఫిల్టర్ తటస్థమైనదే కాని, ఎక్స్‌పోజర్ తటస్థం కాదు.

5. ఎనుమాముల - తెల్లని పత్తి:
ఈ చర్చ వరంగల్‌కు దూరమైనదేమీ కాదు. ఎనుమాముల మార్కెట్ యార్డులో ఎండకు మెరిసే పత్తిరాశులు కాంతిమాపకాన్ని మంచులాగే తికమకపెడతాయి. ఫ్రేము నిండా తెలుపు ఉన్నప్పుడు ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ వెలుతురును తగ్గిస్తుంది. రాశి పక్కన నిలబడిన రైతు ముఖం కళ్లూ కవళికలూ లేని నల్లని ఆకారమవుతుంది. వెలుతురు పెంచితే ముఖం కనిపిస్తుంది గాని, ధరను ప్రభావితం చేసే పత్తి మరకలు, రంగు తేడాలు తెలుపులో కలిసిపోతాయి. గిట్టుబాటు ధర గురించిన వార్తాదృశ్యంలో ఈ రెండూ సాక్ష్యాలే. ఏ సాక్ష్యం చెరిగిపోయిందో అడగడం దృశ్యవిమర్శ బాధ్యత.

6. ముగింపు:
మంచు గాని, పత్తి గాని, తెలుపు ప్రధానమైన దృశ్యాన్ని విమర్శకుడు మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.
1. కదలిక సహజంగా ఉందా, తునకలైందా?
2. నేపథ్యం స్పష్టంగా నిలిచిందా, కరిగిందా? దాని ధ్వని ఏమిటి?
3. ఎక్స్‌పోజర్ తెలుపును కాపాడిందా, ముఖాన్ని కాపాడిందా?
మొదటి రెండింటికి ఫిల్టర్ తోడ్పడుతుంది. మూడోదానికి ఛాయాగ్రాహకుడే జవాబుదారీ. అలంకారశాస్త్రం ఇచ్చిన ఉద్దీపన, ఆలంబన, ధ్వని అన్న పరిభాషకు ఈ సాంకేతిక జ్ఞానం తోడైతే, తెలుగు సినీ విమర్శ ‘కనువిందు’ అన్న మాటను దాటి ముందుకు సాగగలదు.