స్వార్థశబ్దము - సుగాత్రి

పింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకు అంకితమొనర్చెను. అందుచేత నంద్యాల మొదలు ఆళ్లగడ్డవఱకు గల పండితులమందఱమును ఆ కావ్యము మా యింటి సొమ్మన్నట్లు మాటాడుచుందుము. ఇదియు నొక స్వార్థమే యని యెవరేని యన్నచో నేను కాదనను. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమునందు ఈ కావ్యమును విమర్శించిన పిమ్మట దీని కథాసంవిధానమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. నేను వ్రాయబూనినది అంత పెద్ద విషయము గాదు. ఒక్క శబ్దమును గూర్చి.

పలువత్సరములు నేను కలభాషిణిని స్వార్థపరురాలనియు, సుగాత్రిని నిస్స్వార్థురాలనియు బోధించుచు వచ్చితిని. ఆళ్లగడ్డలో నొకనాడు పాఠము ముగియుచుండగా ఒక విద్యార్థి లేచి, “అయ్యా, సుగాత్రికి మాత్రము భర్త కావలెనను కోరిక లేదా? అది స్వార్థము గాదా?” అని యడిగెను. “కూర్చుండుము” అంటిని. అది సమాధానము గాదని వానికిని దెలిసినది, నాకును దెలిసినది.

నాకు గల విద్య వ్యాకరణము. కావున అచ్చటనే వెదకితిని. దేవశబ్దముపై తల్ ప్రత్యయము చేరగా దేవత యగును, అర్థము మాఱదు. ఇట్టి ప్రత్యయమును స్వార్థికమందురు. ఈ స్వార్థమునందు నింద లేశమును లేదు. మఱియు యజతే యన్నచో యాగఫలము కర్తకే చెందును. యజతి యన్నచో ఋత్విజుడు పరునికొఱకు చేయుచున్నాడని యర్థము. ఋత్విజునకు దక్షిణ ముట్టదా? ముట్టును. అయినను కాశికాకారులు దానిని ఇచ్చటి ఫలముగా గణింపలేదు, యాగమారంభించుట దానికొఱకు గాదు గనుక. ఆళ్లగడ్డ శిల్పి దేవాలయమునకు విగ్రహము చెక్కి కూలి పుచ్చుకొనును. ఆ కూలిని జూచి యతనిని స్వార్థపరుడనువాడు శాస్త్రము నెఱుగడు, లోకమునెఱుగడు. పాణిని ఫలమెవరిదని మాత్రమే విచారించెను. ఫలము తనకు జేరుట తప్పనలేదు. పరునికి జేరవలసినదానిని తనదిగా జేసికొన్నచోటనే దోషము పుట్టును.

ఇక కావ్యమునకు వత్తము. కలభాషిణి నలకూబరుని వలచెను. వలచుట దోషమని నే నిప్పుడనను. కాని యామె తన రూపముతో నతని యెదుటికి బోలేదు. రంభ రూపమును దాల్చి, రంభకు జెందవలసిన యనురాగమును దాను పొందజూచెను. ఎదురైనవాడును నలకూబరుడు గాడు, ఆ రూపము దాల్చిన మణికంధరుడు. ఎవరి ఫలము ఎవరికి జేరినది? ఈ ఘట్టము చదివి నవ్వుకొనువారు గలరు. నాకు జాలియే కలుగును.

సుగాత్రి మాట వేఱు. కాశ్మీరమున శారదాపీఠమునందు, తల్లి యామెను నగలతో నలంకరించి పంపిన దినములలో శాలీనుడు మనసీయలేదు. అత్త కోపించి యల్లుని తోటపనికి బెట్టెను. భర్త పడు శ్రమను సైపలేక సుగాత్రి నగలు తీసివైచి తానును పనిలోనికి దిగెను. అప్పుడు గదా యతని మనస్సు కరగినది! ఆమె పోయినది శ్రమ పంచుకొనుటకే, ప్రేమ దక్షిణవలె వెనుక వచ్చినదని చెప్పి ఆ విద్యార్థిని ఓడింపవచ్చును. కాని యది యతివ్యాఖ్య. ఆమెకు కోరిక లేదనుట కావ్యమునకు జేయు నన్యాయము. కోరిక యామెదే, రూపము నామెదే, చెమటయు నామెదే. ఆమె పొందిన సుఖమువలన శాలీనునకు నష్టమేమి? పని సగమైనది.

ఒక యాక్షేపము మిగులుచున్నది. సుగాత్రికి పెండ్లి యను అధికారము ముందే కలదు. కలభాషిణి వేశ్యాకుమారి, తన రూపముతో నలకూబరుని యెదుట నిలిచిన నతడు చూచునా? దీనికి నాకడ పూర్తి సమాధానము లేదు. సూరనకును ఈ సంకోచము కలిగియుండునని తోచుచున్నది. ఆమెను శిక్షించి విడిచిపెట్టక, మరుజన్మమున మధురలాలసగా బుట్టించి కళాపూర్ణునకు భార్యను జేసెను. ఆ కళాపూర్ణుడు సుగాత్రీశాలీనుల బిడ్డయే. అనగా కలభాషిణి సుగాత్రి యింటికి కోడలైనది. ఇన్నాళ్లును నేను దీనిని చుట్టఱికముల లెక్కగా మాత్రమే విద్యార్థులచే వల్లె వేయించితిని.