ముందు కన్ను, ఆ తర్వాతే ఎక్స్‌రే

కొయ్యూరు మండలంలోని గూడేల్లో పన్ను సలిపితే జనం ఎక్కువగా నర్సీపట్నం వైపే దిగుతారు. ఆటోకు, బస్సుకు ఇచ్చే డబ్బు, పోయిన రోజు కూలి, డాక్టరు ఫీజు, మందులు అన్నీ ఆ ఒక్క పంటి లెక్కలోనే పడతాయి. అంత దూరం వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే, నోరు తెరిచి చూడకముందే, ‘ముందు ఎక్స్‌రే తీయించుకోండి, క్లీనింగ్ తర్వాత’ అనడం సబబేనా? అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. అక్కడ చాలా క్లినిక్కుల్లో ఇటీవలి ఎక్స్‌రే లేకపోతే పళ్ళు శుభ్రం చేయరు. మన దగ్గర ఇంకా అది నియమంగా మారలేదు. కానీ చేత్తో పట్టుకునేంత చిన్న ఎక్స్‌రే మిషన్లు, క్షణంలో కంప్యూటర్ తెర మీద బొమ్మ చూపే సెన్సార్లు వచ్చాక, చిన్న పట్టణాల క్లినిక్కుల్లోనూ అది అలవాటుగా మారడానికి అడ్డేమీ లేదు. అలవాటు కాకముందే తేల్చుకోవడం మంచిది. నా మటుకు జవాబు స్పష్టం: క్లీనింగ్‌కు ఎక్స్‌రే టికెట్టు కాకూడదు. డాక్టరు నోరు చూశాక ఏదైనా సందేహం పుడితే, అది తీర్చడానికే ఎక్స్‌రే. సందేహమే పుట్టనిచోట ఆ బొమ్మతో పనేముంది?

అసలు క్లీనింగ్‌లో జరిగేదేమిటో చూద్దాం. పళ్ళ మీద పేరుకున్న పాచి లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. బ్రష్షుకూ వేపపుల్లకూ అది లొంగదు. డాక్టరు సన్నటి కంపనాలతో పనిచేసే స్కేలర్‌తో, నీళ్ళు చిమ్ముతూ దాన్ని రాల్చేస్తాడు. చిగురు పైన ఉన్న గార కంటికి కనిపిస్తుంది. చిగురు కింద దాక్కున్నది చేతికి తగులుతుంది. ఆ తడిమి చూడటానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సన్నని ప్రోబ్ ఒకటుంది. దాని కొసన అర మిల్లీమీటరు గుండు, కాస్త పైన 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల వరకు నల్లటి పట్టీ ఉంటాయి. చిగురుకూ పంటికీ మధ్య దించినప్పుడు పట్టీ పూర్తిగా బయటే ఉంటే అక్కడ లోతైన సందు లేదు. పట్టీ మొత్తం మునిగిపోయిందంటే పంటిని పట్టుకున్న ఎముక కరుగుతోందన్న అనుమానం గట్టిది. ఎముక ఎంత పోయింది, ఏ పంటి చుట్టూ పోయింది అన్నది అప్పుడు ఎక్స్‌రే చెప్పాలి, చెప్పగలదు కూడా. గమనించాల్సింది ఈ వరసే. ఎక్స్‌రేను పిలిచింది ప్రోబ్. గార సంగతికొస్తే బొమ్మ కన్నా వేలు నమ్మకమైనది. పంటికి ముందు వైపో వెనక వైపో ఉన్న గార, పంటి నీడలోనే కలిసిపోయి బొమ్మలో తెలియకుండా పోతుంది.

ఇది నా ఒక్కడి వాదన కాదు. ఎక్స్‌రేలు విరివిగా తీసే అమెరికాలోనే ఆహార ఔషధ సంస్థ, అక్కడి డెంటల్ అసోసియేషన్ కలిసి మార్గదర్శకాలు రాసుకున్నాయి. మొదట 1987లో వెలువడి 2004లో, 2012లో సవరించిన ఆ పత్రం మొదట చెప్పేది ఇదే: నోరు పరీక్షించి, పాత వివరాలు అడిగి తెలుసుకున్నాకే ఎక్స్‌రే రాయాలి. పిప్పి పళ్ళు లేని, వచ్చే ప్రమాదమూ తక్కువగా ఉన్న పెద్దవాళ్ళకు పక్కపళ్ళ సందులు చూపే బైట్‌వింగ్ ఎక్స్‌రే 24 నుంచి 36 నెలలకు ఒకసారి చాలంటుంది. పిప్పి ఉన్నా, ప్రమాదం ఎక్కువగా ఉన్నా 6 నుంచి 18 నెలలు. ఈ గడువులు పుచ్చు కనిపెట్టడానికి పెట్టినవి, క్లీనింగ్‌కు షరతుగా పెట్టినవి కావు. రెండూ ఒకే కుర్చీలో జరుగుతాయి కాబట్టి జనం వాటిని ఒక్కటనుకుంటున్నారు. ఇక్కడే మరో మాట కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు గడువు ప్రకారం చేసే క్లీనింగ్ మీద 2018లో కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. 1,711 మందితో జరిగిన రెండు అధ్యయనాలను చూస్తే, రెండు మూడేళ్ళలో చిగుళ్ళ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళకు ఇది వర్తించదు. ఆరోగ్యవంతుడికి క్లీనింగే తప్పనిసరి కానప్పుడు, దాని ముందు ఎక్స్‌రేను తప్పనిసరి చేయడం ఇంకెంత బలహీనమైన మాట!

దీనికి డాక్టర్లు చెప్పే గట్టి అభ్యంతరం ఒకటుంది. రెండు పళ్ళు ఒరుసుకునే చోట మొదలయ్యే పుచ్చు కంటికి ఆనదు, నొప్పి పెట్టేసరికి నరం దాకా వెళ్ళిపోతుంది, ఎక్స్‌రే దాన్ని ముందే పట్టిస్తుంది అంటారు. నిజమే. అయితే ఎక్స్‌రేకూ హద్దుంది. పంటిలోని ఖనిజం చెప్పుకోదగ్గంత పోయాక గానీ ఆ నల్లటి మచ్చ బొమ్మలో పడదు. పింగాణీ పొర దాటని తొలి మచ్చకు చాలాసార్లు డ్రిల్లు పెట్టరు, ఫ్లోరైడ్, బ్రషింగ్, తీపి తగ్గించడమే వైద్యం. ఆ సలహా ఎక్స్‌రే లేకుండానే ఇవ్వొచ్చు. అయినా ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను. ముఖ్యంగా మన్యం విషయంలో. ఆ 24 నెలలు, 36 నెలలు అన్న లెక్కలన్నీ మళ్ళీ వచ్చే రోగిని దృష్టిలో పెట్టుకున్నవి. కొండ దిగి ఒక్కసారి వచ్చిన మనిషి మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాడో ఎవరు చెప్పగలరు? అలాంటి మనిషి నోట్లో ఇప్పటికే రెండు మూడు పిప్పి పళ్ళు కనిపిస్తుంటే, పక్క పళ్ళ సందులు కూడా ఆ రోజే చూసెయ్యడం మేలు. ఇంకో రోజు రమ్మంటే ఇంకో రోజు కూలి పోతుంది. అంటే దూరం అనేది ఎక్స్‌రేకు అనుకూలంగానూ మాట్లాడుతుంది. కానీ అప్పుడు కూడా ఆ నిర్ణయం తీసుకున్నది నోరు తెరిచి చూసిన కన్నే. పళ్ళు బాగున్న పక్క మనిషికి అదే లెక్క చెల్లదు.

రెండో అభ్యంతరం రేడియేషన్ గురించి, అది రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎక్స్‌రే అంటేనే క్యాన్సర్ అని భయపడేవాళ్ళు ఒకవైపు, అంత చిన్న మోతాదుకు ఇంత చర్చ ఎందుకనే వాళ్ళు మరోవైపు. భయానికి చరిత్రలో కారణాలున్నాయి. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఈ కిరణాలను కనుగొన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే జర్మనీలో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే పాతిక నిమిషాల సేపు వాటిని పట్టించి బొమ్మ తీసుకున్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో దంత ఎక్స్‌రేలకు బాట వేసిన ఎడ్మండ్ కెల్స్ ఆ కిరణాల వల్లే వేళ్ళు, ఆ తర్వాత చెయ్యి పోగొట్టుకుని 1928లో మరణించాడు. ఇప్పటి సంగతి వేరు. 2008లో లడ్లో అనే పరిశోధకుడి బృందం కొలిచిన ప్రకారం, కిరణాలను దీర్ఘచతురస్రంగా కుదించే గొట్టం, వేగవంతమైన ఫిల్ము వాడితే నాలుగు బైట్‌వింగ్‌లకు అందే రేడియేషన్ మోతాదు 5 మైక్రోసీవర్ట్‌లు. నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా ఏడాదికి అందే సగటు 2,400. అంటే ఆ నాలుగు బొమ్మలు కలిపి ఒక్క రోజు పాటి కూడా కావు. కానీ గుండ్రటి గొట్టంతో, పాత రకం ఫిల్ముతో నోరంతా వరసగా తీస్తే అదే బృందం లెక్కలో 388, దాదాపు రెండు నెలల పాటి. పరికరం ఏదో, ఎన్ని బొమ్మలో అన్న దాన్నిబట్టి తేడా ఇంత ఉంటుంది. మొత్తం మీద మోతాదు తక్కువే, అవసరమైన ఎక్స్‌రేను భయంతో వద్దనడం తప్పు. అమెరికా డెంటల్ అసోసియేషన్ 2024లో సీసపు ఏప్రాన్ కూడా అక్కర్లేదని చెప్పింది. అయితే రేడియేషన్ రక్షణలో మొదటి సూత్రం మోతాదు చిన్నదా పెద్దదా అన్నది కాదు. తీస్తున్న ప్రతి బొమ్మకూ దాని వల్ల కలిగే మేలు చూపించగలగాలన్నది. చిన్న ఖర్చయినా దేనికోసమో చెప్పి పెట్టించాలి కదా, ఇదీ అంతే.

ఇక మన ప్రాంతపు అనుభవమే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరాలుగా ఉంది. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి కోస్తాంధ్ర నుంచి 1957లోనే వైద్య పత్రికలో రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా బృందం 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు చూసి అచ్చువేసిన అధ్యయనాన్ని నేటికీ ప్రపంచమంతా ఉదహరిస్తారు. ఆ తెల్లటి మచ్చలు, ఎర్రటి పుళ్ళు పళ్ళ ఎక్స్‌రేలో కనిపించవు. టార్చిలైటు వేసి, తల వెనక్కి వంచి అంగిలి చూస్తేనే తెలుస్తాయి. ఎక్స్‌రే తీసి, క్లీనింగ్ చేసి, అంగిలి చూడకుండా పంపేస్తే ఆ మనిషికి జరిగిన నష్టం ఎంత! దీనికి రెండో వైపు, అంటే ఎక్స్‌రే అక్కరకొచ్చిన అనుభవం కూడా, మన దగ్గరే ఉంది. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను బయటపెట్టింది. పళ్ళ మీది గోధుమ రంగు చారలు కంటికే కనిపించాయి. వెన్నెముక బిగుసుకుపోవడం వెనక ఎముకల్లో ఏం జరుగుతోందో ఎక్స్‌రే చూపించింది. కన్ను సందేహాన్ని లేవనెత్తింది, బొమ్మ దాన్ని తేల్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిప్పి పళ్ళను కూడా తన జాబితాలో చేర్చుకుంది. పళ్ళ విషయంలో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆ కార్యక్రమపు బృందాలు మొదట చేసేదీ పిల్లల నోళ్ళు చూడటమే.

మొదటిసారి వచ్చిన రోగికి పోల్చుకోవడానికి ఒక బొమ్మ ఉండాలి కదా అని కొందరంటారు. జబ్బు ఉన్నవాళ్ళకు ఉండాలి, ఒప్పుకుంటాను. అందరికీ అక్కర్లేదు. కాబట్టి డాక్టర్లకు నా విన్నపం ఇది: ముందు నోరు చూడండి, ప్రోబ్ పెట్టండి, అంగిలి చూడండి, ఆ తర్వాత ఎక్స్‌రే కావాలనిపిస్తే ఏ పంటికి, ఎందుకో రోగికి వాళ్ళ మాటల్లో చెప్పండి. రోగులకు చెప్పేది: ‘ఏం చూడటానికి తీస్తున్నారు?’ అని అడగండి, అది అమర్యాద కాదు. గర్భంతో ఉంటే ముందే చెప్పండి. మన దేశంలో పంటి ఎక్స్‌రే మిషన్‌కు కూడా అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ అడగొచ్చు. తీసిన ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి. ఈసారి నర్సీపట్నం కాకుండా విశాఖ వెళ్ళినా, అది చూపిస్తే అదే బొమ్మ మళ్ళీ తీయించుకోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.